చేంజ్‌కి వ్యతిరేకం

మంగళవారం పదింటికి చిదేరా వస్తుంది
గుమ్మం బయటే గొడుగు దులుపుకుని,
రబ్బరు బ్యాండు వేసిన అట్టముక్కల కట్టతో.

హాట్‌కి వ్యతిరేకం?
నెవిల్ నా వైపు చూస్తాడు
పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగిచూసినట్టు.
నేను టీ కప్పులోకి చూస్తాను.
అందించకూడదని కదా షరతు.
కోల్డ్, అన్నాడు చాలాసేపటికి.
గడ్డకట్టిన కుళాయిలోంచి
బొట్టు రాలినట్టు.

ఫుల్‌కి ఎంప్టీ అని రావాలి.
"వెన్స్‌డే" అన్నాడు.
చిదేరా తప్పు పెట్టింది, పెన్సిల్‌తో, నొప్పి తగలకుండా.
నాకు తెలుసు, బుధవారాలు అతనికి రాత్రి డ్యూటీ.
తెల్లారేదాకా వంతెన మీద
పట్టుమని పది లారీలు వచ్చేవి కావు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు
హంబర్ వంతెన టోల్ గదిలో కూర్చున్నాడు ఈ మనిషి.
అద్దం పక్కకి జరిపి, చెయ్యి చాపి,
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి
ప్రతి బండికీ ఒకటే మాట: మైండ్ హౌ యు గో.
జాగ్రత్త అని దానర్థం, కానీ పూర్తిగా అదీ కాదు.
మళ్ళీ ఇటే రా,
నీ మొహం నాకు గుర్తుండకపోయినా పర్లేదు,
నీ నాణెం అందుకుంటాను,
అలాంటిదేదో.

చేంజ్?
అట్ట వెనకవైపు సేమ్ అని రాసుంది.
నెవిల్ మూతి ఎడమ సగం నవ్వింది.
"ఎగ్జాక్ట్ మనీ."
రెండు మాటలు! ఒకదాని వెనక ఒకటి!
జనవరి నుంచి ఇదే మొదలు.
చిదేరా పెన్సిల్ గాల్లో ఆగిపోయింది.
తప్పు పెట్టలేదు, ఒప్పూ పెట్టలేదు,
గడిలో చిన్న చేపబొమ్మ గీసి ఊరుకుంది.

లెఫ్ట్‌కి రైట్ అంటుంది అట్ట.
పాపం, అట్టకేం తెలుసు.
వెళ్ళిపోయినవాళ్ళూ లెఫ్టే,
మిగిలిపోయినవాళ్ళూ లెఫ్టే.
హూ లెఫ్ట్? హూ ఈజ్ లెఫ్ట్?
నడుమ ఒక్క ఈజ్,
ఉన్నాడు అనే మాట,
తేడా అంతా అదే.
అర్ధరాత్రి అతని గురక ఆగినప్పుడల్లా
మోచేతి మీద లేచి
చీకట్లో నేను తడుముకునేది
ఆ ఈజ్ కోసమే.

ఫైన్ అంటే కులాసా. ఫైన్ అంటే జరిమానా.
ఎలా ఉన్నావ్ ఐలీన్ అని గోడమీంచి అడుగుతారు.
ఫైన్ అంటాను.
కట్టేది నేనేగా.

నాట్ బ్యాడ్‌కి అట్ట లేదు ఈ కట్టలో.
హల్‌లో ఆ మాటకి అర్థం చెడ్డది కాదని కాదు,
ఇంతకన్నా పొగిడితే సిగ్గేస్తుందని.
పెళ్ళి గౌనులో నన్ను చూసి అతనన్నది అదే.
చర్చి మెట్ల మీద నేను అలిగాను కూడా.

ఎదురుపడితే ఇక్కడ హలో అనం.
నౌ దెన్, అంటాం.
ఇప్పుడు, అప్పుడు,
బద్ధవిరుద్ధమైన రెండిటినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి
పలకరింపు చేసేశారు మా పెద్దవాళ్ళు.
ఈమధ్య పొద్దున్నే కళ్ళు తెరిచి
నౌ, అంటాడు నెవిల్.
అక్కడితో ఆగిపోతాడు.
దెన్ నేను అందుకుంటాను.

చిదేరా లేచింది, వాన తగ్గలేదు.
ఆమె వీధి దాటకముందే
అతను కుర్చీ చక్రాలు తోసుకుంటూ
కిటికీ దగ్గరికి పోయి, అద్దం పక్కకి జరిపి,
పనిచేసే చెయ్యి బయటికి చాపాడు.
ఆ పిల్లకి టోల్ సంగతి తెలియదు.
వెనక్కొచ్చి, ఆ తడి అరచేతిలోకి చూసి, కాసేపు తడబడి,
మణికట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి అందులో పెట్టింది.

వేళ్ళు మూసుకున్నాడు.
లెక్క చూసుకున్నాడు.
"మైండ్" అన్నాడు.

మిగతా మూడు మాటలూ
వచ్చే మంగళవారానికి బాకీ.